బడికి ప్రమాద హెచ్చరిక ఏ అడుగు దగ్గర?

భద్రాచలం వాసులకు మూడు అంకెలు కంఠతా వచ్చు. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలంలో టీ బంకు దగ్గరైనా బస్టాండులోనైనా పలకరింపు ఆ లెక్కతోనే మొదలవుతుంది: ‘ఇప్పుడెంతుంది?’ అడిగినవాళ్లకూ చెప్పినవాళ్లకూ ఆ అంకె వెనక ఉన్న పని తెలుసు. ఏ మట్టానికి లోతట్టు కాలనీలు ఖాళీ చేయాలి, ఎప్పుడు పునరావాస కేంద్రాలు తెరవాలి, ఏ దారిలో రాకపోకలు ఆపాలి అన్నది వరద రాకముందే తేల్చి పెట్టుకున్న విషయం. నీళ్లు గడపలోకి వచ్చాక కమిటీ వేయరు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరు ఇది. కొలత ఎందుకు కొలవాలో దేశంలో ఎవరికైనా పాఠం చెప్పగల ఊరు. అదే ఊరి చుట్టూ ఉన్న చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ఆళ్లపల్లి, కరకగూడెం మండలాల్లో మూడో తరగతి పిల్లవాడికి అక్షరాలు రాలేదంటే, అయిదో తరగతి పిల్ల జనవరి నుంచి బడికి రావడం లేదంటే, ఫలానా అంకె దాటింది కాబట్టి ఫలానా రోజులోగా ఫలానావారు ఫలానా పని చేసి తీరాలని రాసి పెట్టుకున్న కాగితం లేదు.

కొలతలు లేక కాదు. దేశంలో ఇప్పటి బడుల లెక్కల పద్ధతికి 1994-95లో జిల్లా ప్రాథమిక విద్యా పథకంతో పునాది పడింది. 2012-13 నాటికి అది ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా ఒకే యూడైస్ (ఏకీకృత జిల్లా విద్యా సమాచార వ్యవస్థ) అయింది. 2018-19లో యూడైస్ ప్లస్‌గా ఆన్‌లైన్‌కు ఎక్కింది. 2022-23 నుంచి బడివారీగా కాదు, పిల్లవాడి పేరుపేరునా వివరాలు నింపుతున్నారు. దానికి తోడు ఆధార్ అనుసంధానం, ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, పుస్తకాలూ యూనిఫాంల పంపిణీ లెక్క, ప్రాథమిక తరగతుల ‘తొలిమెట్టు’ కార్యక్రమంలో మదింపు మార్కులు. ఒక్క టీచరే ఉన్న గిరిజన ప్రాథమిక పాఠశాలలో ఇవన్నీ ఒక్క ఫోన్ మీదే, అదీ సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కితే. ఇన్ని లెక్కలు పైకి వెళ్తున్నాయి. కిందికి వచ్చేది చాలా తక్కువ. ఈ కథనం చెప్పదలచుకున్నది అదే. చదువులో సమాచారం కొరత మన సమస్య కాదు, నిర్ణయానికి ముడిపడని సమాచారమే మన సమస్య. ఏ అంకెకు ఏ పని అన్నది ముందే ఒప్పుకోకపోతే ఎంత మంచి లెక్కయినా ఫైలులో పడి ఉంటుంది. ఆ పని చేయగల మనిషి చేతిలో ఆ అంకె లేకపోతే ఎంత మంచి ఉత్తర్వయినా అమలు కాదు.

ఇది ఊహ కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పరీక్షకు నిలిచిన విషయం. 2005లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పెద్ద అధ్యయనంలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పలు ప్రయోగాలు చేశారు. వాటిలో ఒకటి ఇది: కొన్ని బడుల పిల్లలకు ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో, ఏ నైపుణ్యం రాలేదో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. ఆ నివేదికను ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు. తరగతి గదులను అప్పుడప్పుడు వచ్చి పరిశీలించారు. ఏడాది చివర్లో మళ్లీ పరీక్ష పెడితే, నివేదిక అందిన బడికీ అందని బడికీ పిల్లల చదువులో తేడా కనిపించలేదు. విచిత్రమేమంటే పరిశీలకులు వచ్చినప్పుడు మాత్రం నివేదిక అందిన బడుల టీచర్లు ఎక్కువ శ్రద్ధగా బోధిస్తూ కనిపించారు. అంటే చూస్తున్నంతసేపు పని జరిగింది, చదువు మాత్రం కదల్లేదు. 2010లో వెలువడిన ఈ ఫలితాన్ని మన విద్యాశాఖలు ఇప్పటికీ సీరియస్‌గా తీసుకోలేదనే అనాలి. తీసుకుని ఉంటే మరో యాప్, మరో డ్యాష్‌బోర్డు అనే ముందు ‘ఇది చూశాక ఎవరు ఏం చేస్తారు?’ అని ఎవరో ఒకరు అడిగేవారు.

మరి సమాచారంతో చదువు మెరుగుపడిన సందర్భాలే లేవా అంటే ఉన్నాయి. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడే చదువు పరీక్షను చూడండి. ఒకే ఒక్క కాగితం. అందులో ఒక పక్క అక్షరాలు, ఒక పక్క చిన్న చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా చదవమంటారు. చదివితే కథ ఇస్తారు. తడబడితే మాటల దగ్గరకు, అక్కడా ఆగిపోతే అక్షరాల దగ్గరకు వస్తారు. అయిదు అక్షరాల్లో నాలుగు చెప్పగలిగితే అక్షరాలు వచ్చినట్టు. కొద్ది నిమిషాల పని. కంప్యూటర్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. పరీక్ష పెట్టిన మనిషే పిల్లలను తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేసి, అక్షరాల గుంపుకు అక్షరాల ఆటలు, కథల గుంపుకు కథలు మొదలుపెడతారు. హర్యానాలో 2012-13లో ప్రభుత్వ టీచర్లే రోజూ ఒక గంట దీనికి కేటాయించి చేసినప్పుడు పిల్లల చదవడం మెరుగైందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం నిగ్గుతేల్చింది. అదే పద్ధతిని ప్రత్యేకంగా గంట కేటాయించకుండా మామూలు పాఠాల్లో కలిపేసుకోమన్నచోట టీచర్లు సిలబస్ వెనకే పరుగెత్తారు, ఫలితం దక్కలేదు. రెండు చోట్లా సమాచారం ఒకటే. ఒకచోట దానికో గంట దొరికింది, ఇంకోచోట దొరకలేదు. 2022-23లో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు ఈ ఆలోచన మీద నడిచే కార్యక్రమమే. దాని ప్రాణం నెలనెలా పైకి పంపే మార్కుల్లో లేదు, స్థాయిని బట్టి బోధించే ఆ కాసేపట్లో ఉంది. ఆ సమయం తగ్గి నమోదు పెరిగిన రోజున అదీ మరో ఫారం అయిపోతుంది.

ఇక ఖమ్మం - భద్రాచలం అడవి అంచుకు వస్తే, లెక్క ఎప్పుడు తీస్తున్నామన్నదే మొదటి చిక్కు. బడుల లెక్కకు ఏళ్ల తరబడి ప్రామాణికంగా పెట్టుకున్న తేదీ సెప్టెంబరు 30. ఆ నాటికి వరినాట్లు అయిపోతాయి, హాస్టళ్లు నిండి ఉంటాయి, హాజరు పట్టీ నిండుగా కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో పిల్లలు బడికి దూరమయ్యేది ఆ తర్వాత. సంక్రాంతి దాటాక ఖమ్మం జిల్లా మిరప తోటల్లో కోతలు ఊపందుకుంటాయి. ఏజెన్సీ గూడేల నుంచే కాదు, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు కోతలకు దిగుతాయి. పెద్దవాళ్లు చేలో ఉంటే చంటిపిల్లను ఎత్తుకునేది బడికి పోవాల్సిన అక్క. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. ఒక్క బుట్ట ఇప్పపువ్వుకు ఇంట్లో ఎన్ని చేతులు ఉంటే అంత మేలు. సెప్టెంబరు లెక్కలో ఈ పిల్లలంతా బడిలోనే ఉన్నారు. ఏడాది పరీక్షల నాటికి కొందరు మళ్లీ వస్తారు, కొందరు రారు. వచ్చినవాళ్లు కూడా రెండు మూడు నెలల చదువు పోగొట్టుకునే వస్తారు. బడి మానేయడం ఒక రోజున జరిగే పని కాదు, జనవరిలో మొదలై జూన్‌లో పూర్తయ్యే పని. జూన్‌లో ‘డ్రాపౌట్’ అని గుర్తించడమంటే నీళ్లు తీశాక మట్టం కొలిచినట్టే. ఈ అంచు మండలాలకు కావలసింది జనవరి మూడో వారం లెక్క. అదీ అన్ని గడులూ నింపే లెక్క కాదు, వరసగా పది పని దినాలు రాని పిల్లల పేర్లు మాత్రం.

ఎక్కడి లెక్క అన్నది రెండో చిక్కు. ఇక్కడి నేల చరిత్రే సరిహద్దులు మారిన చరిత్ర. 1860లో నిజాం చేతుల్లోంచి బ్రిటిషువారికి పోయిన భద్రాచలం ప్రాంతం 1874లో గోదావరి జిల్లాలో చేరింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకున్న ఎటపాక అటు వెళ్లింది. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. ఇన్ని గీతలు మారాక ‘జిల్లాలో చదువు పెరిగిందా తగ్గిందా’ అన్న ప్రశ్నకు పాత పట్టికా కొత్త పట్టికా పక్కపక్కన పెట్టి జవాబు చెప్పలేం. సగటు ఇంకో మోసం చేస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఖమ్మం అక్షరాస్యత దాదాపు 65 శాతం. తెలంగాణ ప్రాంత గిరిజనుల అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. మైదానంలోని మధిర పక్క పల్లెలూ చర్ల అడవిలో గూడేలూ ఒకే సగటులో కలిసినప్పుడు గూడెం మాయమవుతుంది. 2023లో అసర్ తన ‘బియాండ్ బేసిక్స్’ సర్వేకు దేశంలో 28 జిల్లాలను ఎంచుకుంటే తెలంగాణ నుంచి ఖమ్మమే అందులో ఉంది. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం కూడా ధారాళంగా చదవలేకపోతున్నారని దేశవ్యాప్త ఫలితం చెప్పింది. విలువైన సర్వే. కానీ జిల్లాకు అరవై ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు చొప్పున చూసే సర్వే జిల్లా గురించి చెప్పగలదు, ఒక గూడెం బడికి రెండో టీచరు కావాలా వద్దా అన్నది చెప్పలేదు. అది దాని పని కూడా కాదు. ఆ నిర్ణయానికి గూడెం లెక్కే కావాలి.

సరిహద్దు మాట వచ్చింది కనుక గొత్తికోయల సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు గోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. వాళ్లకు ఇక్కడ గిరిజన హోదా లేదు, చాలామందికి కుల ధ్రువపత్రాలు లేవు. పిల్లవాడి పేరుపేరునా ఆధార్‌తో నడిచే లెక్కలో ఆధార్ లేని పిల్లవాడు ఏ గడిలో కూర్చుంటాడు? లెక్కలో లేని పిల్లవాడికి పుస్తకం రాదు, యూనిఫాం రాదు, అతడి కోసం టీచరు పోస్టు మంజూరు కాదు. మరో రాష్ట్రం పిల్లవాడని వాదించేవాళ్లు ఉన్నారు. విద్యాహక్కు చట్టం పుట్టిన రాష్ట్రాన్ని చూసి వర్తించదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ప్రతి పిల్లకూ వర్తిస్తుంది. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని కూడా అదే చట్టం చెప్పింది. కాబట్టి పత్రం ఉన్న పిల్లలను కాక గూడెంలో ఉన్న పిల్లలను లెక్కపెట్టడమే ఇక్కడ చట్టబద్ధమైన పద్ధతి.

మూడో చిక్కు భాషది. కోయ ఇంట్లో పుట్టి అయిదేళ్లకు బడికి వచ్చిన పిల్లకు తెలుగు పరీక్ష పెట్టి ‘వెనకబడింది’ అని రాస్తే, అది కొలిచినది ఆమె తెలివిని కాదు, ఇంటికీ బడికీ మధ్య దూరాన్ని. ఉమ్మడి రాష్ట్రం ఈ సంగతి ముందే గుర్తించింది. 2004లో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో మొదటి తరగతులు మొదలుపెట్టే బహుభాషా విద్యా కార్యక్రమం చేపట్టింది. తెలుగు లిపిలోనే ఆయా భాషల వాచకాలు అచ్చువేసింది. దేశానికి దారి చూపిన ప్రయత్నం అది. తర్వాత దాన్ని నిలబెట్టలేకపోయాం. ఇప్పుడు తెలంగాణ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం కూడా వచ్చి చేరింది. విద్యార్థి వివరాల ఫారంలో మాతృభాష అన్న గడి ఒకటుంది. అలవాటు కొద్దీ అందులో ‘తెలుగు’ అని పడిపోతే, కోయ మాట్లాడే టీచరు ఎక్కడ అవసరమో చెప్పగల ఒకే ఒక్క అంకెను మన చేతులతో మనమే చెరిపేసుకున్నట్టు. ఏజెన్సీలో గిరిజన టీచర్లే ఉండాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది కనుక, స్థానిక భాష వచ్చిన టీచర్ల నియామకాన్ని ఇకపై సమర్థించుకోవాలంటే పక్కా భాషా లెక్కలే ఆధారం కావాలి.

లెక్కలంటే ఏజెన్సీలో భయం ఉంది. ఆ భయానికి కారణమూ ఉంది. 2024-25 యూడైస్ ప్రకారం దేశంలో ఒక్క విద్యార్థీ లేని బడులు 7,993. వాటిలో 2,245 తెలంగాణవే. ఏకోపాధ్యాయ పాఠశాలలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, 12,912. ఈ అంకెలు వెలువడగానే వినబడే మాట ‘మూసేయండి, కలిపేయండి’. పన్నెండు మంది పిల్లలకు ఒక టీచరు దండగ అని లెక్కవేసేవాళ్ల వాదనను కొట్టిపారేయను. ప్రజాధనానికి లెక్క ఉండాలి. కాకపోతే వాళ్లు ఒక అంకె చూసి రెండో అంకె చూడటం లేదు. పక్క బడి రెండు కిలోమీటర్లే అని పటంలో ఉంటుంది. మధ్యలో వాగు ఉందనీ, జులై నుంచి సెప్టెంబరు దాకా అది పొంగుతుందనీ పటం చెప్పదు. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. వాగు పొంగిన రోజులను కూడా దూరంలో కలిపి కొలిస్తే ఈ అంచు మండలాల్లో చాలా ‘చిన్న’ బడులు తప్పనిసరి బడులుగా తేలుతాయి. కొన్ని నిజంగానే అక్కర్లేనివీ తేలవచ్చు. ఆ తేల్చడం నమోదు సంఖ్య ఒక్కదానితో జరగకూడదు. పిల్లలు లేక బడి ఖాళీ అయిందా, టీచరు రాక పిల్లలు ఖాళీ చేశారా అన్నది ముందు అడగాలి.

టీచర్ల అభ్యంతరం వేరు. ‘మా తరగతిలో ఎవరికి ఏం వచ్చో మాకు తెలీదా? రాసి పంపించేసరికి పాఠం చెప్పే పొద్దు పోతోంది’ అంటారు. రెండో సగం అక్షరాలా నిజం. మొదటి సగం పూర్తిగా కాదు. తన తరగతి గురించి టీచరుకు తెలిసింది బదిలీతో పోతుంది, కాంట్రాక్టు టీచరు (సీఆర్‌టీ) ఒప్పందం ముగిస్తే పోతుంది, పిల్ల ఊరి బడి నుంచి ఆశ్రమ పాఠశాలకు మారితే పోతుంది. ఏజెన్సీలో ఈ మూడూ జరగని ఏడాది ఉండదు. కాబట్టి రాసి ఉంచాల్సిందే, కానీ ముందు పిల్లతోపాటు వెళ్లేలా రాయాలి, హైదరాబాద్‌కు వెళ్లడం తర్వాత. వాడని గడులన్నీ తీసేయాలి. ఏ గడి కోసం గత రెండేళ్లలో ఏ అధికారీ ఏ నిర్ణయమూ తీసుకోలేదో ఆ గడిని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది. అంకెకు పని ముడిపెడితే అంకెనే మార్చేస్తారు అన్నది. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్ష రాసిన పిల్లలనే మళ్లీ స్వతంత్రంగా పరీక్షించి, అధికారిక మార్కులు అసలు చదువుకంటే ఎంతో ఎక్కువగా ఉన్నాయని చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద కాకుండా ట్యాబ్‌ల మీద పరీక్ష పెట్టినచోట ఈ పెంపు బాగా తగ్గిందని కూడా తేల్చారు. దీనర్థం టీచర్లు అబద్ధాలకోరులని కాదు. తక్కువ చూపిస్తే మెమో, ఎక్కువ చూపిస్తే మెప్పు అన్నప్పుడు ఎవరైనా ఎక్కువే చూపిస్తారు. అందుకే తక్కువ అంకెకు బదులుగా రావాల్సింది సాయం. గోదావరి 48 అడుగులు దాటిందని మట్టం చదివిన ఉద్యోగికి మెమో ఇవ్వరు, పడవలు పంపుతారు. అక్షరాలు రాని పిల్లలు పదిమంది ఉన్నారని నిజం చెప్పిన బడికి విద్యా వాలంటీరు రావాలి. స్వతంత్ర పరీక్ష ఏడాదికి ఒక్కసారి, కొన్ని బడుల్లో, నిజం సరిచూడటానికి చాలు. అంకె వెంట సాయం రావాలన్న ఈ నియమానికి కంప్యూటర్ అంచనాలు కూడా అతీతం కావు. మైక్రోసాఫ్ట్ సాయంతో ఆంధ్రప్రదేశ్ తయారుచేయించిన అంచనా పద్ధతి 2018-19కి ఒక్క విశాఖ జిల్లా ప్రభుత్వ బడుల్లోనే దాదాపు 19,500 మంది బడి మానేయవచ్చని ముందే చెప్పింది. పేర్లు తెలియడం గొప్ప సంగతే. పేరు తెలిసిన ప్రతి ఇంటికీ వెళ్లే మనిషి ఉంటేనే అది చదువుకు పనికొచ్చే సంగతి.

అయితే ఊరి చేతికే లెక్క ఇచ్చేస్తే ఊరే చూసుకుంటుందా? అదీ తేలిక కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో ఊరివాళ్లకు తమ పిల్లల చదువు స్థాయి చెప్పి, విద్యా కమిటీకి ఉన్న అధికారాలు వివరించి చూశారు. ప్రభుత్వ బడిలో ఏ మార్పూ రాలేదు. ఊరి యువకులకు కాస్త శిక్షణ ఇచ్చి చదువు శిబిరాలు పెట్టించినచోట మాత్రం వాటికి వచ్చిన పిల్లలకు చదవడం వచ్చింది. సమాచారం చేతికిచ్చి పని మరొకరిమీద వదిలేస్తే ఊరైనా చేతులెత్తేస్తుంది. చేయదగిన పని చూపిస్తే చేస్తుంది. గూడేల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కోయ యువతీయువకులు ఉన్నారు. వాళ్లకు ఇంటి భాషా వచ్చు, బడి భాషా వచ్చు.

కాబట్టి భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విద్యాశాఖలు ఈ ఏడాది కొత్త యాప్ ఏదీ తేవద్దు. మూడు మట్టాలు మాత్రం ప్రకటించాలి. పది పని దినాలు వరసగా రాని పిల్ల ఉంటే మూడు రోజుల్లో ఇంటికి మనిషి వెళ్లాలి, మిరప కోతల కాలంలో అవసరమైతే ఆ పిల్లకు హాస్టల్లో చోటివ్వాలి. మూడో తరగతిలో మూడో వంతు పిల్లలు మాటలు చదవలేకపోతే నెలలోగా ఇంటి భాష వచ్చిన వాలంటీరును నియమించాలి, రోజుకో గంట దానికే ఇవ్వాలి. టీచరు లేని రోజులు నెలలో నాలుగు దాటితే మండల విద్యాధికారి (ఎంఈఓ) అడిగేదాకా ఆగకుండా పక్క క్లస్టర్ నుంచి మనిషి రావాలి. ఈ హద్దులు ఇలాగే ఉండాలని లేదు, చర్చించి మార్చవచ్చు. ప్రకటించకుండా ఉండటానికి మాత్రం కారణం లేదు. 2024 నుంచి ప్రతి బడికీ మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. మీరు ఆ కమిటీలో ఉన్నా, మీ ఇంటి పిల్ల ఆ బడిలో ఉన్నా, వచ్చే సమావేశంలో శాతాలు అడగకండి. పది రోజులుగా రాని పిల్లల పేర్లు అడగండి, ఒక్కో పేరు పక్కన ఎవరు వెళ్తారో ఏ తేదీకి వెళ్తారో రాయించండి, ఆ కాగితాన్ని బడి గోడకు అంటించండి.